సగం పద్దు

అరలోంచి తీసిన టేపు చేతిలో ఉంది.
బార్‌కోడ్ మీద బొటనవేలు ఆనించి చూస్తున్నాను.
కేటలాగ్ మాత్రం
ఇలాంటిదొకటి లేనే లేదంటోంది.

క్లాక్స్‌విక్ రేవు, మార్చి నెల.
చేపల తూకాల ఆఫీసు కింది గది.
పొద్దున ఏడింటి నుంచీ తెర మీద అదే ఎర్ర గీత:
కేటలాగ్ డేటాబేస్ పొసగడం లేదు.
బల్లకు అవతల బ్రాండుర్,
తడిసిన టోపీ మోకాలికి తగిలించి కూర్చున్నాడు.
ఇరవై ఆరేళ్లు ట్రాలర్ మీద వల లాగిన మనిషి.
పెన్షన్‌కి నలభై మూడు రోజులు తక్కువ పడ్డాయట.
"ఆ ఏడు ఆకులు రాలే కాలమంతా సూలన్ మీదే ఉన్నాను.
దించిన ప్రతి పెట్టెకీ తూకం రాశారు.
నీ దగ్గర ఉండాలి."

ఉండాలి. ఉంది కూడా.
ఎక్కడుందో చెప్పేదే చెడింది.

సరుకు భద్రం, ఆవర్జా గల్లంతు;
కొట్టు నిండా బస్తాలే గాని
గుమస్తాకి రాత్రికి రాత్రి మతి పోయింది అన్నాను.
తల ఊపాడు.
"మా పాత కెప్టెన్ అంతే.
చేప ఎక్కడుందో తెలుసు,
ఇల్లెక్కడో అడిగి వెళ్లేవాడు."

సర్వీసు ఆపి మళ్లీ లేపాను.
లేచింది, రెండు నిమిషాలు నిలబడి కూలబడింది.
లాగ్ తెరిస్తే పదకొండు వేల వరసలు,
పాచిపళ్ల దాసరి పాట.
పైకి, ఇంకా పైకి పోగా పోగా
ఆదివారం తెల్లవారుజాము, మూడూ పన్నెండు:
డిస్కు నిండిపోయింది.
ఒక పద్దు సగం రాసి
అక్కడే కలం జారవిడిచింది.
ఆ సగం మాట మీద కాలు పెట్టి
మూడు రోజులుగా వచ్చిన పద్దు వచ్చినట్టే
బోర్లా పడుతోంది.

డిస్కు నింపింది ఎవరో కాదు.
శుక్రవారం సాయంత్రం
తర్వాత తీసేద్దాంలే అని
నేను పెట్టిన కాపీ.
ఆ ముక్క బ్రాండుర్‌కి చెప్పలేదు.

మరమ్మతు ప్రోగ్రాం మర్యాదగానే అడిగింది:
పాడైన పద్దులు తొలగించమంటారా?
తొలగిస్తే కుదుటపడుతుంది.
తనకు తెలియనిదేదీ లేదని
నిబ్బరంగా నమ్ముతుంది.
అలాంటి ఆరోగ్యం నాకొద్దు.
కాదు నొక్కాను.

ఇక మిగిలింది,
ఒక్కో టేపూ తినిపించి
ఏముందో దాని నోటితోనే చెప్పించి
కేటలాగ్‌ని మొదటినుంచీ రాయించడం.
నూట పద్దెనిమిది టేపులు. ఒక్కోటి రెండు గంటలు.
ఏ టేపుతో మొదలుపెట్టను?

అప్పుడు గుర్తొచ్చింది మార్యున్ నోటు పుస్తకం.
నాకంటే ముందు ఈ కుర్చీలో ఉన్నావిడ.
కంప్యూటర్ ఉండగా ఈ పెన్సిలెందుకని
మేం నవ్వుతుంటే
ములుకు చెక్కుకుంటూ ఊరుకునేది.
ప్రింటర్ కింద, ఎత్తు సరిచెయ్యడానికి పెట్టి ఉంది.
దుమ్ము దులిపితే ముప్ఫై ఒకటో పేజీ:
"సూలన్, సెప్టెంబరు నుంచి. నీలం టేపు, 647. మూల నలిగింది, మెల్లగా పెట్టు."

మెల్లగా పెట్టాను.
డ్రైవు గొంతు సవరించుకుంది.
బయట పొగమంచు కొండను భుజాల దాకా మింగింది.
కాఫీ రెండుసార్లు చల్లారింది.
ఒక్కో తేదీ, ఒక్కో తూకం
తెర మీదికి ఎక్కుతున్నాయి.
బ్రాండుర్ పెదవులు కదుపుతూ లెక్కపెడుతున్నాడు.
నలభై. నలభై ఒకటి.
అక్కడ టేపు కీచుమంది.
నలిగిన మూల.
మూడుసార్లు వెనక్కి తిప్పాను, మూడుసార్లూ అదే కీచు.

"ఏ రోజులు?"
అక్టోబరు తొమ్మిది, పది.
కళ్లు మూసుకున్నాడు.
"తొమ్మిదిన వల చిరిగింది. పదిన పదకొండు పెట్టెలు, అన్నీ హాడక్.
వంటవాడి చెయ్యి కాలింది,
ఆ రాత్రి అందరం పచ్చి ఉల్లిపాయలు తిన్నాం."

జ్ఞాపకానికి ఫారంలో గడి లేదు.
కాకిలెక్కలంటారు పై ఆఫీసు వాళ్లు.
అయినా పెన్సిలు తీసి, మార్యున్ రాత కింద
పదకొండు పెట్టెలూ రాశాను.
ఉల్లిపాయలు కూడా.

"చెల్లుతుందా?" అన్నాడు.
తెలీదన్నాను.
టోపీ పెట్టుకుని వానలోకి వెళ్లాడు.

శుక్రవారం కాపీ తీసేశాను.
తీసేసింది నేనేనని,
పెట్టిందీ నేనేనని
ఆ పేజీలోనే, కింద, చిన్న అక్షరాల్లో.